మంచి గింజ సంతకి, బూజు గింజ ఇంటికి



మేము హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా రూమ్‌లో నలుగురం. మాకంటే ముందు మా ఇళ్లల్లో ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. ఈ మధ్య మైక్రోబయాలజీలో చదివిన ఒక పాఠం పరీక్ష రాసి వదిలేసేది కాదనిపించింది. అందుకే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొక్కజొన్న మీద, వేరుశనగ మీద పచ్చటి బూజు పడుతుంది కదా. అందులో ఒక జాతి పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. చేలో కంకికీ పడుతుంది, ఇంట్లో బస్తాకీ పడుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ కేన్సర్ కూడా రావచ్చు.

అయితే ఈ జాతిలో అన్నీ ఒకేలా ఉండవు. విషం తయారు కావాలంటే పక్కపక్కనే ఉండే దాదాపు 25 జన్యువులు పనిచేయాలి. కొన్ని రకాల్లో ఆ వరస మొత్తం ఉంటుంది. కొన్నిట్లో అసలు ఆ వరసే ఉండదు. ఏఎఫ్36 అనే రకంలో వరస ఉంది గానీ, ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. అంతే, విషం ఆగిపోయింది. అమెరికాలో ఆ రకాన్నే పత్తి చేలల్లో చల్లి, విషం చేసే రకాలకు చోటు దొరక్కుండా చేస్తున్నారు.

కానీ కంటికి అన్నీ ఒకే బూజు. ఏది విషం చేసేదో, ఏది కాదో చూసి చెప్పలేం.

1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో ఏం జరిగిందో మనవాళ్లందరికీ తెలియాలి. అవి భిల్లులు ఉండే ప్రాంతాలు. మొక్కజొన్నే వాళ్ల తిండి. కోత వేళ వానలు పడి గింజ తడిసింది, బూజు పట్టింది. వేరే తిండి లేక అదే తిన్నారు. కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూసి, కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. లెక్కకు వచ్చిన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు.

ఇక మన ఇళ్ల సంగతి. మంచి గింజ ఏరి సంతలో అమ్ముతాం. రంగు మారినవి, ముక్కినవి ఎవరూ కొనరు కాబట్టి ఇంట్లో ఉంచుకుంటాం. పారేయడానికి అమ్మకి చెయ్యి రాదు. ఆమె తప్పు కాదది, ఆకలి తెలిసిన చెయ్యి. "పోనీ కోళ్లకు వేద్దాం" అంటారు. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. ఈ విషం బయటపడింది ఆ చావులతోనే.

మన అవ్వలు కంకుల్ని పొయ్యి పైన దూలానికి కట్టేవాళ్లు. పొగకీ వేడికీ గింజ ఎండేది. బాగా ఎండిన గింజ మీద ఏ రకం బూజూ పెరగదు. కానీ ఒకసారి విషం చేరాక ఎండబెట్టినా పోదు, ఉడికించినా పూర్తిగా పోదు.

అందుకే ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు కోసిన గింజని నేల మీద కాకుండా పట్టా మీద ఎండబెడదాం. కొరికితే టక్కున విరిగాకే బస్తాకి ఎత్తుదాం. బూజు గింజని ఏరి పాతిపెడదాం. ఇంట్లో ఒప్పుకోకపోతే భిల్లుల కథ చెబుదాం, మన భాషలోనే చెబుదాం.

జై ఆదివాసీ.