జన రుచి తెలిసిన ఎలుగు

"నాన్నా, హైదర్ వెళ్దామా?" అని మావాడు అడిగితే హైదరాబాదే అనుకున్నాను. కాదు, అలాస్కా కొసన ఉన్న ఊరట. ఒక కెనడా గనుల ఇంజనీరు పేరు పెట్టారు. 2020 లెక్కల్లో జనాభా 48. మా రాజోలులో ఒక పెళ్లివారి విడిదిలో దిగే చుట్టాలే అంతకంటే ఎక్కువ.

కెనడాలో మావాడుండే ప్రిన్స్ జార్జ్ నుంచి దాదాపు 700 కిలోమీటర్లు. కిట్వాంగా దగ్గర హైవే 37 ఎక్కాక ఊళ్లు అయిపోయాయి, ఫోన్లో సిగ్నల్ పోయింది. రోడ్డు వార ఓ నల్ల ఎలుగు మా కారును లెక్కచెయ్యకుండా ఆవులా మేస్తోంది. ఎలుగు గడ్డి తింటుందని అరవై దాటాక తెలిసింది నాకు.

మెజియాడిన్ దగ్గర ఎడమకు తిరిగాం. కొంతసేపటికి బేర్ గ్లేసియర్. నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది. ఒకప్పుడు అది లోయకు అడ్డంగా పరుచుకుని అవతలి కొండను ఆనుకుని ఉండేదట. వెనక్కి తగ్గిన చోట ఇప్పుడు చెరువు. ఆ చెరువొడ్డున కూర్చునే మేం పులిహోర తిన్నాం.

స్టూవర్ట్ దాటితే హైదర్. అమెరికాలోకి పోయేటప్పుడు అడిగే నాథుడు లేడు. తిరిగొచ్చేటప్పుడే కెనడా వాళ్ల చెక్‌పోస్టు. అడగనంత మాత్రాన చట్టం లేకపోదు, మనకు అమెరికా వీసా ఉండాల్సిందే. డల్లాస్‌లో అమ్మాయి పురిటికని తీసుకున్న వీసా ఇలా అక్కరకొచ్చింది.

ఊరి అవతల ఫిష్ క్రీక్. అటవీశాఖ వాళ్లు వాగు వెంట చెక్కల బాట కట్టారు. ముందు వాసన తగిలింది, ఎండెక్కాక చేపల బజారులో వచ్చే వాసన. మోకాలి లోతు నీళ్లలో చమ్ సాల్మన్లు, ఒంటినిండా ఊదా చారలు. ఒక ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకరాళ్లను కొడుతూ గుంట తవ్వుతోంది. తోక అంచు అరిగి తెల్లగా పీలికలైంది. నాలుగు దెబ్బలు కొడుతుంది, వాలుకు జారిపోతుంది, మళ్లీ ఎదురీది ఆ గుంట దగ్గరికే వస్తుంది. సముద్రం విడిచి ఏట్లోకి వచ్చాక ఇవి తిండి ముట్టవు. గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే చచ్చిపోతాయి.

గోదావరి గట్టున పుట్టానన్న మాటే గానీ వరదకు ఎదురీదే పులసను పులుసులో తప్ప ఏట్లో చూసిన పాపాన పోలేదు. పుస్తెలమ్మైనా తినాలన్నాం, అదెందుకు వస్తోందో అడగలేదు.

చివరికి గోధుమరంగు ఎలుగు రానే వచ్చింది. ఒక చేపను కాలికింద తొక్కిపట్టి, పొట్ట చీల్చి, లోపలి జన, అంటే గుడ్లు మాత్రం తిని మిగతాది వదిలేసింది. జన విలువ మా వీధిలోవాళ్లకే తెలుసనుకున్నాను.

అక్కణ్ణించి మట్టిరోడ్డు మీద మళ్లీ కెనడాలోకి ఎక్కి సాల్మన్ గ్లేసియర్ చూశాం. చాలా పెద్దది. అచ్చం ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, నా మట్టుకు అదే దాని లోపం.

తిరుగుదారిలో చెక్‌పోస్టు అధికారి ఏమైనా తెస్తున్నారా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు మావాడు.

వెళ్లేవాళ్లు ఆగస్టులో వెళ్లండి. మెజియాడిన్‌లో పెట్రోలు నింపుకోండి. గ్లేసియర్‌కు గంట చాలు, వాగు దగ్గర మాత్రం పూటంతా ఉండండి.