హుగ్లీ తీరాన మన్నూజాన్ ఆస్తి

హౌరా నుంచి బండేల్ వైపు వెళ్లే లోకల్ రైలు ఎక్కితే గంట ప్రయాణంలో ఐరోపా రాజ్యాల పాత స్థావరాలు వరుసగా కిటికీ ముందుకు వస్తాయి. శ్రీరాంపూర్ డేనిష్‌వారిది. 1845లో ఆంగ్లేయులకు అమ్మి వెళ్లిపోయారు. తరువాత వచ్చే చందన్‌నగర్ ఫ్రెంచివారిది. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా ఒకనాడు వారి చేతిలోనిదే కనుక ఆ పేరు మనకు కొత్త కాదు. దాని తరువాత చిన్సురా, డచ్చివారిది. ఆ పక్కనే హుగ్లీ. అక్బర్ చక్రవర్తి కాలంలో పోర్చుగీసువారు పాదుకొన్న రేవు అది. ఇప్పుడు హుగ్లీ, చిన్సురాలు కలిసి ఒకే పట్టణం. స్థానికులు చిన్సురాను చుంచుడా అంటారు.

మాది బందరు ప్రాంతం. 'బండేల్' అన్న పేరు 'బందర్' అనే ఫార్సీ మాట నుంచి వచ్చిందని చెప్పగానే మా శ్రీమతి ముఖం వికసించింది. "అయితే మన ఊరికి వచ్చినట్టే" అన్నది. ఆమె మాటలో నిజం ఉంది. డచ్చివారు 1606లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్న తరువాతే ఉత్తరాన బెంగాల్ వైపు సాగారు. 1655 వరకు వారి బెంగాల్ వ్యాపారమంతా కోరమండల్ తీరపు అధికారుల ఆధీనంలోనే నడిచింది. మా బందరుకోటలో డచ్చివారి సమాధులున్నాయి, ఇక్కడా ఉన్నాయి. వస్త్రాల కోసం, సూరేకారం కోసం, నల్లమందు కోసం వచ్చినవారు చివరకు రెండు ఊళ్లలోనూ మిగిల్చినది పలకరాళ్లే.

మదరసా పని మీద కలకత్తా వెళ్లాం. పని ముగిశాక ఒక రోజు చేతిలో ఉంది. అక్కడ చదువుకుంటున్న మా పాత విద్యార్థి ఒకడు, "హజ్రత్, హుగ్లీ ఇమాంబాడా చూడకుండా వెళ్లకండి" అని వెంటబెట్టుకొని తీసుకువెళ్లాడు.

స్టేషను బయట టోటో ఎక్కాం. బ్యాటరీతో నడిచే ఆటోను బెంగాల్‌లో అలా అంటారు. సన్నని వీధులు, పాత మేడల పెచ్చులూడిన గోడలు, వాటి మీద మొలిచిన రావి మొక్కలు. నాలుగు రోడ్ల కూడలిలో ఏడవ ఎడ్వర్డ్ రాజు స్మారకంగా నిలబెట్టిన గడియార స్తంభం. ఆ కూడలికి 'ఘొడిర్ మోడ్' అని పేరు, అంటే గడియారం మలుపు. జిల్లా న్యాయస్థానం ఉన్న పొడవాటి భవనం ఒకప్పుడు ఆంగ్లేయ సైనికుల బారక్. డచ్చివారి కోట ఇప్పుడు లేదు. 1759లో ఇక్కడికి దగ్గరలోనే ఆంగ్లేయుల చేతిలో ఓడాక వారి బలం క్షీణించింది. 1824 ఒప్పందం ప్రకారం సుమత్రా దీవిలోని ఆంగ్లేయుల భూభాగానికి బదులుగా ఈ ఊరిని ఇచ్చివేశారు. ఊరి ప్రజలను ఎవరైనా అడిగారో లేదో చెప్పనవసరం లేదు.

పోర్చుగీసువారి కథ మరింత చేదు. మనుషులను ఎత్తుకుపోయి బానిసలుగా అమ్ముతున్నారన్న ఫిర్యాదులు షాజహాన్ వరకు వెళ్లాయి. 1632లో బెంగాల్ సుబేదారు ఖాసిం ఖాన్ సేన హుగ్లీని చుట్టుముట్టి వారిని వెళ్లగొట్టింది. బండేల్ చర్చి మాత్రం నేటికీ ఉంది, జనం వస్తూనే ఉన్నారు. మేము ఆ వైపు వెళ్లలేదు, సమయం చాలలేదు.

ఇమాంబాడా నది ఒడ్డునే ఉంది. 1841లో నిర్మాణం మొదలై 1861లో పూర్తయిందట. ప్రవేశ ద్వారానికి ఇరువైపులా రెండు ఎత్తైన మీనారులు, మధ్యలో గడియారం. సయ్యద్ కెరామత్ అలీ అనే ముతవల్లీ ఆ గడియారాన్ని 1852లో లండన్ నుంచి తెప్పించాడు. వారానికోసారి ఇద్దరు మనుషులు కలిసి దానికి కీ ఇవ్వాలి, అంత బరువు ఆ తాళం. లోపల విశాలమైన ప్రాంగణం, దీర్ఘచతురస్రాకారపు కొలను, దాని ఆవల పాలరాతి నేల, షాండిలియర్ల వరుసలు, గోడల నిండా అందమైన అరబ్బీ లిపి. ఇది షియా సోదరుల కట్టడం. ముహర్రం ఆచారాల విషయంలో మా దర్స్‌గాహ్ మార్గం వేరు, దానిని దాచవలసిన అవసరం లేదు. కానీ నేను వచ్చినది ఆచారాల కోసం కాదు. వక్ఫు కోసం.

మీనారుల్లో ఒకటి పురుషులకు, మరొకటి స్త్రీలకు. 150కి పైగా మెట్లు. నా మోకాళ్లు సగంలోనే ఫిర్యాదు చేశాయి. మా శ్రీమతి నాకంటే ముందే తన వైపు ఎక్కేసిందని తరువాత తెలిసింది. పై నుంచి హుగ్లీ నది ఎంతో వెడల్పుగా, బురద రంగులో, తొందర లేకుండా పోతూ కనిపించింది. దాని మీద పాత జూబిలీ వంతెన, 1887 నాటిది. దాని పక్కన 2016లో వచ్చిన కొత్త వంతెన మీద రైలు వెళుతున్నది. ఆవలి ఒడ్డున మిల్లుల గొట్టాలు.

కట్టడం వెనుక, నది వైపున, నీడ గడియారం ఒకటి ఉంది. ఆ వైపు గోడ మీద హాజీ ముహమ్మద్ మొహ్సిన్ వక్ఫునామాను రాయించారు. ఒక ధర్మదాత తన షరతులను దస్తావేజులో రాయడం మామూలే. వాటిని అందరూ చదివేలా గోడ మీదికి ఎక్కించడం నేను ఇంకెక్కడా చూడలేదు. మన ఊళ్లలో వక్ఫు కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయో కమిటీవారికే తెలియని పరిస్థితి పాఠకులకు తెలుసు.

మొహ్సిన్ 1732లో ఇక్కడే పుట్టాడు. పెళ్లి చేసుకోలేదు. యౌవనంలో ఇల్లు విడిచి మక్కా, మదీనా, ఇరాఖ్, ఇరాన్ దేశాలు తిరిగి చాలా సంవత్సరాల తరువాత వచ్చాడు. ఖుర్ఆన్ ప్రతులను స్వదస్తూరీతో రాసేవాడని చెబుతారు. 1806లో తన ఆస్తినంతా వక్ఫు చేశాడు. రాబడిని తొమ్మిది భాగాలు చేసి మూడు భాగాలు మతపరమైన కార్యాలకు, కట్టడాల మరమ్మతుకు, నాలుగు భాగాలు ఉద్యోగుల జీతాలకు, పింఛన్లకు, రెండు భాగాలు ఇద్దరు ముతవల్లీలకు కేటాయించాడు. 1812లో అల్లాహ్ సన్నిధికి చేరాడు. ఖైబర్ భూమిని ఏమి చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి.) అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించిన మార్గమే ఇది.

తరువాత జరిగినదే బాధాకరం. ముతవల్లీలు అమానతును నిలబెట్టుకోలేదు. అక్రమాలు బయటపడ్డాయి, కంపెనీ ప్రభుత్వం నిర్వహణను తన చేతిలోకి తీసుకొంది, వ్యాజ్యం లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఈలోగా లక్షల రూపాయల మిగులు పోగుపడింది. ఆ సొమ్ముతో 1836 ఆగస్టు 1న హుగ్లీ కళాశాలను తెరిచారు. నేడు దానికి మొహ్సిన్ పేరే ఉంది. బంకించంద్ర ఛటర్జీ అక్కడ చదివాడు, 'ది స్పిరిట్ ఆఫ్ ఇస్లామ్' రాసిన సయ్యద్ అమీర్ అలీ కూడా హుగ్లీలోనే చదివాడు. అయితే ఆంగ్ల శాఖలో ముస్లిం పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మరుసటి ఏడు, 1837లో, న్యాయస్థానాల నుంచి ఫార్సీని తొలగించారు. అంటే మన చదువుకు విలువ పోయిన కాలంలోనే, మనవాడి సొమ్ముతో నడిచే కొత్త చదువు మన ఇళ్లకు చేరలేదు. 1871లో విలియం హంటర్ అనే ఆంగ్ల అధికారి తన పుస్తకంలో దీనిని తీవ్రంగా ఆక్షేపించాడు. 1873లో ప్రభుత్వం కళాశాల ఖర్చును తాను భరించి, మొహ్సిన్ నిధిని ముస్లింల విద్యకు మళ్లించింది. ఢాకా, చిట్టగాంగ్, రాజ్‌షాహీలలో మదరసాలు వచ్చాయి, పేద విద్యార్థుల ఫీజులో పెద్ద భాగాన్ని ఆ నిధి చెల్లించింది.

వాకిఫ్ పెట్టిన షరతును షరీఅత్ శాసనంలా పాటించాలన్నది ఫుఖహాల మాట. ఆ లెక్కన 1836 నిర్ణయం సరైనది కాదు. కానీ ఆ కళాశాల గదుల్లో చదివి పైకి వచ్చిన వేలమంది పేరు పేరునా మొహ్సిన్‌ను తలచుకుంటున్నారు, వారిలో హిందూ సోదరులే ఎక్కువ. ఆ పుణ్యం ఆయనకు చేరదని నేను అనలేను. ఆంగ్లం హరామ్ అన్నట్టు దూరంగా ఉన్న మన పెద్దల భాగం కూడా ఆ నష్టంలో ఉంది. కంపెనీవారి మీదే అంతా మోపడం న్యాయం కాదు.

ఈ విషయాలన్నీ నేను నది వైపు మెట్ల మీద కూర్చుని మా విద్యార్థికి చెబుతున్నాను. మా శ్రీమతి మధ్యలో అడిగింది: "అన్నీ తిరిగి వచ్చిన ఫకీరు మనిషికి అంత ఆస్తి ఎక్కడిది?"

ఆస్తి ఆయనది కాదు. ఆయన అక్కది. ఒకే తల్లి, వేరు తండ్రులు. ఆగా మొతహర్ అనే ఇరానీ వర్తకుడికి జెస్సోర్ ప్రాంతంలో జాగీరు ఉండేది. ఒక్కతే కూతురు, మన్నూజాన్ ఖానం. ఒక బంగారు తావీజును ఆమె మెడలో వేసి, తన మరణం తరువాతే తెరవమన్నాడని, అందులో యావదాస్తినీ ఆమె పేర రాసిన కాగితం ఉందని ఇక్కడ కథగా చెబుతారు. భార్య జైనబ్‌కు ఏమీ మిగలలేదట. ఇస్లామీ వారసత్వ శాస్త్రం మీద 'సిరాజీ' గ్రంథాన్ని ఏటా బోధించేవాడిని కనుక, భార్య అష్టమ భాగానికి అడ్డుపడే ఇలాంటి కానుకను నేను మెచ్చలేను. జైనబ్ తరువాత హాజీ ఫైజుల్లాను వివాహమాడింది, మొహ్సిన్ వారి కొడుకు. మన్నూజాన్ భర్త మీర్జా సలాహుద్దీన్ ముందుగానే మరణించాడు, పిల్లలు లేరు. ఆమె వితంతువుగా ఉంటూ జమీందారీ వ్యవహారాలన్నీ స్వయంగా చూసుకొంది. దేశాలు తిరుగుతున్న తమ్ముడిని సాయానికి రమ్మని కబురు పంపింది. 1803లో ఆమె మరణించగా ఆస్తి ఆయనకు చేరింది. మూడేళ్లకు ఆయన దానిని వక్ఫు చేశాడు.

"అయితే కళాశాలకు ఆమె పేరు ఎందుకు లేదు?" అన్నది మా శ్రీమతి. మా విద్యార్థి నా వైపు చూశాడు. నా దగ్గర సమాధానం లేదు.

పక్కనే తోటలో వారి సమాధులున్నాయి. అక్కా తమ్ముళ్లు దగ్గర దగ్గరగానే. సలాం చెప్పి, మగ్‌ఫిరత్ కోసం దుఆ చేశాం. మా శ్రీమతి చేతులు దించడానికి చాలాసేపు పట్టింది.

ఆమె ఎందుకు అలా నిలబడిందో నాకు తెలుసు. మా మామగారు మరణించి పదకొండేళ్లు. రెండున్నర ఎకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు. ముగ్గురు కొడుకులు, ఒక్క కూతురు. ఏడు భాగాల్లో ఒకటి ఆమెది, చిన్నపిల్లలు కూడా వేయగల లెక్క. పండుగలకు చీర పెడతారు, మామిడిపండ్లు పంపుతారు. వారు మంచివారే. భాగం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఆమె భయం. నేను అడిగితే అల్లుడు ఆస్తికి ఆశపడ్డాడంటారు. నమాజు సాఫీగా చేసే ఇళ్లలోనే ఇది జరుగుతున్నది, కట్నం పేరుతో ఇచ్చినదానిని చూపి భాగం తీరిపోయిందనడం కూడా వింటున్నాం. కట్నం భాగం కాదు. వారసత్వ వాటాలను అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు, వాటిని సోదరుల దయకు వదలలేదు.

అస్ర్ నమాజు అక్కడికి దగ్గరలోని మస్జిదులో చేసుకొని తిరుగు రైలు ఎక్కాం. దారి పొడవునా ఆమె మాట్లాడలేదు. చందన్‌నగర్ దాటాక మాత్రం, "మన్నూజాన్ తనది తాను చూసుకొంది, ఎవరినీ అడుక్కోలేదు" అన్నది.

ఇంటికి వచ్చిన పదో రోజున తన పెద్దన్నయ్యకు ఫోను చేసింది. నేను పక్క గదిలో పిల్లల రాతలు దిద్దుతున్నాను. ఆరోగ్యాలు అడిగింది, వదిన మోకాలి నొప్పి గురించి అడిగింది, ఆ తరువాత నాన్నగారి పొలం పాస్‌బుక్ నకలు ఒకటి పంపమన్నది. అవతల కొంతసేపు నిశ్శబ్దం. "పంపుతాలే అమ్మా" అన్నాడాయన. రంజాన్ లోపు వస్తుందని ఆమె ఎదురుచూస్తున్నది.