వైరున్నదీ, వైరు లేనిదీ

మా బావ దగ్గర రెండు గ్రైండర్లున్నాయి. ఒకటి వైరుది, 2007లో కొన్నది. దాని రంగు ఎప్పుడో వెలిసిపోయింది, పిడికి గుడ్డ చుట్టి ఉంటుంది. రెండోది బ్యాటరీది, కొని మూడేళ్లు కూడా నిండలేదు. పాతది ఈ రోజుకీ స్విచ్చి వేస్తే చాలు లేస్తుంది. బ్యాటరీవి ఇప్పటికి మూడు వచ్చాయి, అందులో రెండు పోయాయి. ఏది గట్టిదో చెప్పమంటే ఎవరైనా పాతదే అంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను.

మాది మైపాడు పక్కన చిన్న పాళెం. బావ ఫైబర్ బోట్లకు మరమ్మతులు చేస్తాడు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. వేసవిలో ఆదివారాలు, దొరికిన సెలవులు బావతో ఒడ్డునే గడుస్తాయి. బోటు పని నాకు రాదు. మిషన్లు చూసుకోవడం నా వంతు.

మా తాతల కాలంలో ఒడ్డున కరెంటుతో పనే లేదు. తెప్ప అంటే నాలుగు దుంగలు, తాడు. చెడితే బాడిసతో చెక్కుకుని మళ్లీ కట్టుకునేవాళ్లు. 2004 సునామీ తర్వాత మా తీరమంతా ఫైబర్ బోట్లు పెరిగాయి. ఫైబర్ బోటు అడుగున చీలిక వస్తే పైన రెజిన్ పూస్తే సరిపోదు. దెబ్బతిన్న భాగాన్ని లోపల మంచి పొర కనబడేదాకా గ్రైండరుతో అరగదీయాలి. అంచుల్ని ఏటవాలుగా తీసుకురావాలి. ఆ తర్వాతే మ్యాటు పరిచి రెజిన్ పట్టించాలి. అరగదీయడంలో బద్ధకిస్తే అతుకు పైపైనే అంటుకుని మొదటి పెద్ద అలకే పొరలా లేచిపోతుంది. బోటు పనిలో సగం అరగదీయడమే అంటాడు బావ.

ఈ పనంతా ఎప్పుడు చేస్తారు? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ అప్పుడే ఇసక మీదికొస్తాయి. అందరికీ తమ బోటే ముందు కావాలి. ఏడాది పొడుగునా పడాల్సిన భారం ఆ రెండు నెల్లలో పడుతుంది, అదీ నెల్లూరు ఎండల్లో. రోహిణీకార్తెలో మధ్యాహ్నం ఇసక మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వెయ్యలేం. మిషన్ల పుస్తకాల్లో ‘ఎక్కువ వాడకం’ అని రాస్తారే, ఆ రాసినవాళ్లెవరూ మే నెలలో మా ఒడ్డుకు వచ్చి ఉండరు.

2016 మే నెలలో బావకి షాక్ కొట్టింది. స్తంభం దగ్గర్నుంచి ఒడ్డుకి అరవై మీటర్ల వైరు, మధ్యలో నాలుగు అతుకులు, అతుక్కో టేపు. పొద్దున పూట, ఇసకింకా చెమ్మగా ఉంది. బావ చెప్పుల్లేకుండా బోటు కింద కూర్చుని గ్రైండరు పట్టుకున్నాడు. కరెంటు పట్టుకున్నప్పుడు చెయ్యి వదలాలన్నా వదలదు, కండరం బిగుసుకుపోతుంది. పక్క బోటు కుర్రాడు తెడ్డుతో వైరు లాగి అతుకు ఊడదీశాడు కాబట్టి మా అక్క బొట్టు నిలిచింది. బావ కుడిచేతి చివరి రెండు వేళ్లు మాత్రం అప్పట్నుంచీ పూర్తిగా మూసుకోవు.

ఆ సాయంత్రం గ్రైండరు విప్పి చూశాను. మోటారుకి ఏమీ కాలేదు. అలాంటి మిషన్లకి ఎర్తు వైరుండదు, లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. పొడి చోట అది భద్రమే. కానీ కార్బన్లు అరిగి రాలిన నల్లపొడి లోపలంతా పట్టి ఉంది, దాని మీద ఉప్పుగాలి చెమ్మ చేరింది. కార్బన్ పొడి, ఉప్పునీళ్లు, రెండూ కరెంటుకి దారిచ్చేవే. ఆ దారి వెంబడే ముందున్న ఇనప తలలోకి, అక్కణ్నుంచి బావ చేతిలోకి వచ్చింది. లైన్లో 30 మిల్లీ ఆంపియర్లకే తెగే లీకేజీ బ్రేకరుంటే క్షణంలో ఆగిపోయేది. స్తంభానికి కొక్కెం తగిలించుకున్న వైరుకి బ్రేకరెక్కడిది?

లోపలంతా తుడిచి, కొత్త కార్బన్లు వేసి, బిగించి స్విచ్చి వేస్తే గ్రైండరు తిరిగింది. ఏమీ జరగనట్టే తిరిగింది. ఆ చప్పుడు వినగానే అక్క లోపల్నుంచి వచ్చి ప్లగ్గు పీకేసింది.

“ఇంక ఇది ఒడ్డుకి పోయేదానికి లేదు,” అంది.

రెండేళ్లు ఆ మాట నిలవలేదు. పని ఆగితే ఇల్లెట్టా గడిచేది? బావ రబ్బరు చెప్పులేసుకుని అదే వైరు లాగేవాడు. 2019లో నేనే చెన్నై బ్రాడ్‌వేకి పోయి బ్యాటరీ గ్రైండరు, బ్యాటరీ డ్రిల్లు కలిపి ఉన్న పెట్టె కొనుక్కొచ్చాను. పేరున్న కంపెనీదే.

బ్యాటరీ పనిముట్లు కొత్తవేం కాదు. బ్లాక్ అండ్ డెక్కర్ వాళ్లు 1961లోనే నికెల్ కాడ్మియం బ్యాటరీతో డ్రిల్లు తెచ్చారు. 1971లో అపోలో 15 వ్యోమగాములు చంద్రుడి మీదికి బ్యాటరీ డ్రిల్లు తీసుకుపోయారు. లోపలికి దించిన గొట్టాన్ని బయటికి లాగడానికి ఇద్దరూ భుజాలతో ఎత్తి నానా తంటాలు పడ్డారు. (అక్కడ ఉప్పుగాలి లేదు కాబట్టి సరిపోయింది.) బరువు పనికి పనికొచ్చే లిథియం అయాన్ బ్యాటరీలు ఈ మిషన్లకొచ్చింది మాత్రం 2005 ప్రాంతంలో. మా ఒడ్డుకి రావడానికి ఇంకో పధ్నాలుగేళ్లు పట్టింది.

మొదటి వేసవిలోనే ఒక సంగతి తెలిసింది. డ్రిల్లు రోజంతా పనిచేసినా బ్యాటరీ చల్లగానే ఉండేది. గ్రైండరుకి పెడితే పది నిమిషాల్లోపే కాలిపోయే వేడి, ఎర్ర దీపం. బావ నన్ను తిట్టాడు, నేను కంపెనీని తిట్టాను. తర్వాత కూర్చుని లెక్కేస్తే ఇందులో విచిత్రమేమీ లేదని తేలింది.

పాత గ్రైండరు మీద 850 వాట్లు అని ఉంది. ఇంట్లో 230 వోల్టుల మీద అది లాగేది నాలుగు ఆంపియర్లలోపే. అదే పని 18 వోల్టుల మీద చేయాలంటే 47 ఆంపియర్లు కావాలి. మాకు పెట్టెలో వచ్చినవి 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలు, అంటే ఒక్కోదాన్లో 36 వాట్ అవర్ల సరుకు. పూర్తి బలంతో లాగితే రెండున్నర నిమిషాలకి సరి. ఎప్పుడూ పూర్తి బలంతో లాగం కాబట్టి ఆరేడు నిమిషాలొచ్చేది. డ్రిల్లు అలా కాదు. మూడు సెకన్లు తిరుగుతుంది, అర నిమిషం ఆగుతుంది. బ్యాటరీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. గ్రైండరు ఊపిరి తిప్పుకోనివ్వదు.

బ్యాటరీ చల్లారేదాకా చార్జరు ఎక్కించుకోదు. చాలా లిథియం బ్యాటరీలకి 45 డిగ్రీలు దాటితే చార్జింగు పనికిరాదు, మంచి చార్జరైతే తనంతట తనే ఆగిపోతుంది. బయటి గాలే 42, 43 ఉన్న రోజున అది ఎప్పటికి చల్లారాలి? నాలుగు బోట్లవాళ్లు నెత్తిన కూర్చున్నారు. నేను ఫ్యాక్టరీలో ఉన్న ఒకరోజు బావ తన తెలివి తాను వాడాడు. బ్యాటరీలు రెంటినీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేపల ఐసు పెట్టెలో పెట్టాడు. గంటలో చల్లబడ్డాయి, చార్జింగు కూడా ఎక్కాయి. వారం రోజులు ఊళ్లో ఇదే గొప్ప.

“చేప చెడకుండా ఉండేదానికి ఐసు పెడతాం గదబ్బా, దీనికెందుకు పెట్టకూడదు?” అన్నాడు ఫోన్లో. నాకు వెంటనే జవాబు తోచలేదు.

జవాబు ఆ తర్వాతి వారం కనబడింది. చల్లటి సీసా బయట పెడితే నీళ్లు పట్టినట్టు బ్యాటరీ లోపలా నీళ్లు పట్టాయి. ఒడ్డున గాలిలో ఉప్పు. విప్పితే టెర్మినళ్లకి పచ్చటి కిలుము, చిన్న బోర్డు మీద తెల్లటి పొక్కులు. రెండూ పోయాయి. గ్రైండరు బాగానే ఉంది గానీ కొత్త బ్యాటరీల ధర వింటే మిషను ధరకి దగ్గర్లో ఉంది. ఆ ఏడు డ్రిల్లు కోసం ఒక్క బ్యాటరీ మాత్రం కొని, గ్రైండరుకి మళ్లీ వైరే లాగాం. అక్క మాట్లాడలేదు. ఆ మౌనం మాకు తిట్లకన్నా కష్టంగా ఉండేది.

2021లో కొన్న రెండోది బ్రష్‌లెస్. కార్బన్లు ఉండవు, అరగవు, నల్లపొడి రాలదు. నేను దాని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఈసారి బ్యాటరీ కూడా పెద్దదే, 5 ఆంపియర్ అవర్లది. అందులో పది సెల్లులుంటాయి, జతలుగా. చిన్నదాన్లో ఐదే. ఒకే పనికి పది సెల్లులు పంచుకుంటే ఒక్కో సెల్లు మీద సగం కరెంటే పడుతుంది, ఒక్కోదాన్లో పుట్టే వేడి నాలుగో వంతుకి దిగుతుంది. గ్రైండరు కొనేవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే. మిషను మీద డబ్బు మిగుల్చుకోండి, బ్యాటరీ మీద వద్దు.

బ్యాటరీ నిలిచింది. పోయింది మిషను. ఫైబర్ పొడి అంటే మెత్తటి గాజుపొడే కదా. మోటారు చల్లబడటానికి లోపలి ఫ్యాను గాలి పీల్చుకుంటుంది, గాలితో పాటు గాజునీ పీల్చుకుంటుంది. రెండో వేసవి చివర్లో స్విచ్చి గట్టిపడింది, బేరింగు కీచుమంది, ఒక పొద్దున అసలు లేవలేదు. సర్వీసు సెంటరుకి తీసుకెళితే బోర్డు, స్విచ్చి కలిపి ఒకటే ముక్క, విడిగా రాదన్నారు. వాళ్లు చెప్పిన ధరకి ఇంకొంచెం వేస్తే కొత్తది వస్తుంది. బోర్డంతా జిగురు పోసి మూసేసి ఉంది. తడి తగలకుండా పోసిన జిగురే, నాలాంటివాడి చెయ్యీ తగలనివ్వదు.

పాత వైరు గ్రైండరు నాకు ముద్దొచ్చేది ఇక్కడే. పద్దెనిమిదేళ్లలో దానికి లెక్కలేనన్నిసార్లు కార్బన్లు మార్చాను, ప్రతిసారీ టీ, టిఫిను ఖర్చు. రెండుసార్లు ఆర్మేచరు కాలితే నెల్లూర్లో వైండింగు షాపాయన మళ్లీ చుట్టిచ్చాడు. బేరింగులు ఏ షాపులోనైనా దొరుకుతాయి. అది చెడకపోవడం వల్ల ఇన్నాళ్లు రాలేదు, చెడిన ప్రతిసారీ బాగుచేయనిచ్చింది కాబట్టి వచ్చింది. బ్రష్‌లెస్ మిషను తక్కువగా చెడుతుంది, చెడితే మాత్రం ఒకేసారి పోతుంది.

మధ్యలో చవకవి కూడా చూశాం. పక్క పాళెం కుర్రాడు ‘88 వోల్టులు’ అని రాసున్న మిషను ఆన్‌లైన్లో తెప్పించుకుని బావ ముందు మీసం తిప్పాడు. బ్యాటరీ విప్పితే ఐదు సెల్లులే. ఒక్కో సెల్లు నిండుగా చార్జయితే 4.2 వోల్టులు, ఐదుకి 21. మిగతా 67 వోల్టులు స్టిక్కరువి. పాపం, ఆ మిషను నెల తిరక్కుండానే పోయింది.

ఇప్పుడున్నది 2023లో కొన్న మూడోది. మూడు వేసవులు గడిచాయి. ఎట్టా వాడాలో మాకూ తెలిసొచ్చింది. బోటు పక్కన తాటాకుల పందిరి వేసి బ్యాటరీలు అక్కడే ఉంచుతాం. వేడి బ్యాటరీని చార్జింగులో పెట్టం, ఐసు ఊసు అసలెత్తం. అరగదీసే పని తెల్లవారుజామున, పొద్దుగుంకాక. సాయంత్రం సైకిలు పంపుతో లోపలి పొడి ఊది, ఇంటికి తెచ్చాకే చార్జింగు. 2019 నాటి డ్రిల్లు మాత్రం ఇంతవరకూ ఒక్క స్క్రూ విప్పించుకోలేదు.

ఖర్చు మాత్రం దాచలేం. నా నోటుబుక్కు ప్రకారం వైరు నాటి కంటే ఏడాదికి సుమారు ఆరేడు వేలు ఎక్కువ. బావ అది బోటుకింత అని కలుపుతాడు. బోట్లవాళ్లు గొణుగుతారు. “వైరు తెచ్చుకోయ్యా, కరెంటు మేమిస్తాం గదా,” అంటారు. బావ వాళ్లకి షాకు సంగతి ఎత్తడు. “వైరు లాగే ఓపిక లేదబ్బా,” అని నవ్వేస్తాడు. పెద్ద మేస్త్రి కరెంటుకి భయపడ్డాడంటే చిన్నతనమని ఆయన బాధ. పడ్డ రోజు చూసినవాళ్లు సగం మంది ఆ ఒడ్డునే ఉన్నారు, వాళ్లూ ఎత్తరు.

మెట్ల కింద డబ్బాలో చచ్చిన బ్యాటరీలు ఐదున్నాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొన్న షాపులో అడిగితే ఆయన నవ్వి కవర్లో పెట్టి తిరిగిచ్చాడు. నెల్లూర్లో ఒక కుర్రాడు సెల్లులు మార్చి ఒకటి బతికించాడు గానీ, వేసినవి పాత ల్యాప్‌టాప్ సెల్లులు కాబోలు, ఒక్క వేసవే వచ్చింది. చెత్తలో వేయడానికి నాకు మనసొప్పలేదు. చితికితే అంటుకుంటాయి. ఐదూ అక్కడే ఉన్నాయి.

పాత గ్రైండరు ఇంట్లోనే ఉంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లు బావ దాన్ని వరండాలోకి తెస్తాడు, అక్క కత్తిపీటకి పదును పెట్టడానికి. నేల పొడిగా ఉంటుంది, కాళ్లకి చెప్పులుంటాయి, మెయిన్‌లో లీకేజీ బ్రేకరు నేనే బిగించాను. ప్రతి నెలా దాని టెస్టు బటన్ నొక్కి చూస్తాను కూడా. అయినా బావ పదును పెట్టడం అయ్యేదాకా అక్క గోడ దగ్గర నిలబడి, స్విచ్చి మీంచి వేలు తియ్యదు.