ఆఖరి పంక్తి

ఖైరతాబాదులో కాపురమున్నవాడికి భాద్రపద మాసంలో బంధువుల కొరత వుండదు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన మా పేట వినాయకుడు ఏటేటా పెరుగుతూ వచ్చినట్టే, మా ఇంటికి వచ్చే చుట్టాల సంఖ్యా పెరుగుతూ వచ్చింది. “పెద్ద వినాయకుణ్ణి చూసి, పనిలోపనిగా మిమ్మల్నీ చూసి పోదామని వచ్చాం” అంటారు. అసలు ఎవరిని చూడడానికి వచ్చారో తెలుసును గనక నేను నొచ్చుకోను.

ఇది మూడేళ్ల కిందటి మాట. నిమజ్జనానికి ముందు వచ్చిన ఆదివారంనాడు మా ఇంట్లో పధ్నాలుగుమంది భోజనం చేశారు. రెండు పంక్తులు లేచాయి. ముద్దపప్పు, కంద బచ్చలి కూర, గోంగూర పచ్చడి, పులిహోర, పరమాన్నం. నేను సుష్ఠుగా తిని, ముందుగదిలో వాలుకుర్చీలో కూర్చుని, మన పూర్వకవులు భోజనాలను ఎంత రుచిగా వర్ణించారో మా బావగారికి వివరిస్తున్నాను. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి. అటువంటి విషయం దొరికితే ఒక పట్టాన వదలను. ఇంతలో వంటింట్లో పెద్ద చప్పుడైంది. మజ్జిగ గిన్నె పడిందనుకున్నాను. వెళ్లి చూస్తే గిన్నెతోపాటు మా ఆవిడా పడి వుంది.

మొహాన నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది. “ఏమీ లేదండీ, కళ్లు తిరిగాయి, అంతే” అంది.

“అన్నం తిన్నావుటే?” అని అడిగింది మా అమ్మ.

“ఇంకా లేదత్తయ్యా. ఇప్పుడే కూర్చోబోతున్నాను.”

అప్పుడు టైము మూడున్నర.

మర్నాడు డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆవిడ కింది కనురెప్ప లాగి చూసి, రక్తపరీక్ష చేయించింది. హెమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకుండా వుండాలట. మా ఆవిడకు 7.8 వుంది.

“రోజూ ఏం తింటావమ్మా?” అని అడిగింది డాక్టరమ్మ.

“అందరూ తినేదేనండీ.”

నేనూ తల వూపాను. “మా ఇంట్లో తిండికేమీ లోటు లేదండీ” అని కొంచెం గర్వంగానే అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. “ఇంట్లో లోటు లేదు, సరే. ఈవిడ కంచంలో ఏముంటుందో మీరెప్పుడైనా చూశారా?”

పాఠం అప్పజెప్పలేని కుర్రవాళ్లను ఎందరినో నిలబెట్టినవాణ్ణి. ఆవేళ నేనే అట్లా నిలబడ్డాను. పెళ్లయి పద్ధెనిమిదేళ్లయినా ఆవిడ భోజనం చేస్తుండగా చూసిన జ్ఞాపకం నాకు లేదు. నేను తిని లేచాక గదా ఆవిడ కూర్చునేది!

డాక్టరమ్మ మరికొన్ని పరీక్షలు చేయించి, లోపల వేరే జబ్బేమీ లేదని తేల్చుకుని, ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలిసిన మాత్రలు రాసిచ్చింది. ఒక వారంపాటు ఆవిడ ఏం తిన్నదీ రాసి తెమ్మని నాకు ఇంటిపని కూడా ఇచ్చింది.

మార్కుల రిజిస్టరులో వెనక కాగితం మీద రాశాను. పొద్దున్న కాఫీ. పదిగంటలకు పిల్లలు విడిచిన ఇడ్లీ ఒకటి. రెండు గంటలకు అన్నం, గిన్నె అంచున మిగిలిన కూర ఒక చెంచాడు, ఊరగాయ, పల్చటి మజ్జిగ. చెయ్యి కడుక్కోగానే టీ. రాత్రి మళ్లీ అదే వరస. ఏడు రోజుల్లో ఆవిడ కంచంలో పప్పు పడింది రెండుసార్లు. పండు ఒక్కసారీ లేదు. మా ఇంట్లో రోజూ పప్పు వండుతారు, వారానికి మూడుసార్లు ఆకుకూర తెస్తాను. తెచ్చేది నేనే గనక నాకు బాగా తెలుసు. అది ఎవరి కడుపులోకి పోతున్నదో మాత్రం తెలియలేదు.

ఆదివారంనాడు ఆబిడ్స్ పేవుమెంటు మీద పాత కావ్యాలు వెతకడం నాకు అలవాటు. ఆ ఆదివారం మాత్రం ఆహార పదార్థాల పోషక విలువల పుస్తకం బేరమాడి తెచ్చుకున్నాను. అట్ట తిప్పి చూద్దును గదా, అది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పుస్తకం! ఉస్మానియాలో ఎం.ఏ. చదివిన రెండేళ్లూ ఆ గేటు ముందునుంచే వెళ్లాను. లోపల ఏం చేస్తారని ఒక్కనాడూ అడగలేదు.

ఆ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనగా మొదలైంది. మెక్‌కారిసన్ అనే డాక్టరు దాన్ని నడిపాడు. ఆ రోజుల్లో మన సర్కారు జిల్లాల్లో మిల్లుబియ్యం తినేవాళ్లను ఆ జబ్బు పీడించేది. బియ్యం మల్లెపూవులా తెల్లబడాలని మిల్లుపడితే, తవుడుతోపాటు బి విటమిను పోయేది. సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది; 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 2017లో వాళ్లు ప్రకటించిన కొత్త పట్టికలు కూడా సంపాదించి చూశాను. మనం తినే తెల్లబియ్యం 100 గ్రాముల్లో ఇనుము 1 మిల్లీగ్రామైనా లేదు. రాగుల్లో 4కు పైగా, సజ్జల్లో 6కు పైగా వుంది. పద్యంలో గణాలు సరిపోయినా యతి తప్పితే ఒప్పుకోం గదా! కడుపు నిండడం గణాలు సరిపోవడం వంటిదే. అన్నం సత్తువనిస్తుంది గాని, పప్పులోని మాంసకృత్తులు, ఆకులోని ఖనిజాలు, పండులోని విటమినులు తాను తెచ్చిపెట్టలేదు.

నన్ను అన్నిటికన్నా సిగ్గుపడేట్టు చేసింది ఇంకొక లెక్క. 2020లో ఆ సంస్థ వేసిన అంచనాల ప్రకారం రోజుకు పురుషుడికి కావలసిన ఇనుము 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29. నెలనెలా పోయే రక్తాన్ని ఆమె మళ్లీ కూడగట్టుకోవాలి మరి. ఎక్కువ కావలసిన మనిషిని మనం ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టాం!

మాత్రలోని ఫోలిక్ ఆమ్లం సంగతి కూడా వెతికాను. 1941లో పాలకూర ఆకులనుంచి తీసి, లాటినులో ఆకు అనే అర్థమిచ్చే మాటతో దానికా పేరు పెట్టారట. రక్తం పట్టడానికి అది లేకపోతే కుదరదు. 1945లో అమెరికాలో దాన్ని ప్రయోగశాలలో తయారు చేయించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తన అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి, ఆ జబ్బుకే పనికివచ్చే మందు చేయించాడు. ఇంతా చేసి, మేము ఆకుకూర ఉడికించిన నీళ్లు తూములో పారబోస్తూ వచ్చాం. ఆ ఆమ్లంలో సగం ఆ నీళ్లతోనే పోతుందని మాకేం తెలుసు?

మా ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. భోజనానికీ టీకీ మధ్య గంటకు తక్కువ కాకుండా ఎడం పెట్టాం. టీలోని వగరు ఇనుమును ఒంటపట్టనివ్వదు. పప్పులో నిమ్మకాయ పిండుతున్నాం, సాయంత్రం జామపండు తెస్తున్నాను. అందులోని సి విటమిను ఇనుమును ఒంటపట్టిస్తుంది. వారానికి మూడు రాత్రులు రాగిసంకటి. వీటికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అందరం ఒకేసారి కూర్చుందామన్నప్పుడు మాత్రం మా అమ్మకు కోపం వచ్చింది. “వడ్డించేవాళ్లు లేకుండా భోజనమేమిట్రా? మా అత్తగారి హయాంలో నేను ఊరగాయా మజ్జిగా తిని ముగ్గుర్ని కన్నాను. నేను పడిపోయానా?” అంది. నేను మాట్లాడలేదు. కాసేపటికి తనే మెల్లిగా, “కళ్లు తిరిగేవిరా. ఎవరితో చెప్పుకోను?” అంది.

మర్నాడు మధ్యాహ్నం ముందుగా కోడలికి కంచం పెట్టింది మా అమ్మే.

అయిదు నెలలకు హెమోగ్లోబిన్ 11.2కు వచ్చింది. “ఇంకా రావాలి” అంది డాక్టరమ్మ, మార్కులు వెయ్యడంలో నాకన్నా పిసినారి.

మళ్లీ చవితి వచ్చింది. చుట్టాలూ వచ్చారు. ఈసారి మొదటి పంక్తిలో మా ఆవిడను కూర్చోబెట్టి నేను వడ్డించాను. సగం చారు విస్తట్లో, సగం బావగారి పంచె మీద పడింది. ఆయన నవ్వారు, అక్కయ్య మూతి ముడిచింది. నేను పప్పు గిన్నెతో ముందుకు సాగిపోతుంటే, వెనకనించి ఎవరో పిలిచారు.

“ఏమండీ, ఇటు ఇంకొంచెం పప్పు.”

పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడ మారు అడగడం నేను వినడం అదే మొదటిసారి.