పాట ఎవరిది

ఫిబ్రవరి 16, 2025

అక్క బరాత్ వీడియో రాత్రి యూట్యూబ్‌ల పెట్టిన. నాలుగు నిమిషాలు. పొద్దుగాల లేచేసరికి కాపీరైట్ క్లెయిమ్. డీజేల మోగిన సినిమా పాటకంట. పెండ్లి మాది, నడిచిన జక్రాన్‌పల్లి తొవ్వ మాది. పాట మాత్రం...

ఫిబ్రవరి 18

కాపీరైట్ చట్టం చదివిన. 1957ది, 52వ సెక్షన్. పెండ్లి ఊరేగింపుల పాట మోగిస్తే తప్పు లేదు. 2023 జులైల కేంద్రం మళ్లొకసారి చెప్పింది. కానీ అది పెండ్లి దాకనే. వీడియో తీసి లోకానికి పెట్టుడు వేరు.

ఫిబ్రవరి 19

పాట తీసేసిన. దానెంబడి అక్క నవ్వు సుత పోయింది.

ఫిబ్రవరి 23

కల్లంల పసుపు ఉడకబెడుతుంటే తీసిన. నడిమిట్ల బాపు ఫోన్ మోగింది. కంపెనీ ట్యూన్. చప్పుడుకు సుత ట్రేడ్‌మార్క్ ఉంటదట. మన దేశంల మొదటిది 2008ల, యాహూ కూత. 2017 రూల్స్ ప్రకారం 30 సెకన్లు దాటని ఎంపీ3 ఇయ్యాలె. ఆ చప్పుడు పెట్టి సరుకు అమ్ముకుంటే తప్పు. కల్లంల ఫోన్ మోగితే ఎవరు మోసపోతరు? ట్యూన్ మీద కాపీరైట్ సంగతి మళ్ల వేరే. ఉంచుదునా, తీద్దునా...

మార్చి 4

పాత పాటలు వెతికిన. రికార్డింగుకు 60 ఏండ్లు. 1964ల వచ్చినవాటికి మొన్నటి డిసెంబరుతోని గడువు అయిపోయింది. కానీ రాసినాయన, బాణీ కట్టినాయన పోయినంక ఇంకో 60 ఏండ్లు వాళ్ల హక్కు ఉంటది. తన పాటలు అడగకుండ పాడిండని 2017ల ఇళయరాజా బాలుకు నోటీసు పంపిండంటే ఎంత కోపమొచ్చింది నాకు. ఇయ్యాల ఆ కోపం రాలే. ఎందుకో.

మార్చి 15

పసుపు పాలిష్ డ్రమ్ము తిరుగుతుంది. లోపల కొమ్ములు రాసుకునే చప్పుడు, చెరువు అవుతల వాన మొదలైనట్టు. దీనికి ఏ పాటా అక్కర్లేదు. పక్కన బాపమ్మ కాడి కొమ్ములు, గోల గడ్డలు ఏరుకుంట ఏదో పాడుతుంది. అది సుత తీసిన. రాత్రికే పెట్టిన. ఏ క్లెయిమూ రాలే.

మార్చి 17

అదే కాపీరైట్ చట్టం, 38వ సెక్షన్. పాడినోళ్లకు 50 ఏండ్ల హక్కు. అంటే బాపమ్మ గొంతుకు సుత. నేను అడిగిన్నా? వీడియో తీసేసిన.

మార్చి 18

అడిగిన. చాటల చెయ్యి ఆగలే.

"మా అవ్వ పాడేది బిడ్డా. ఆమెనేడ అడుగుతవ్?"