ఆర్ఓ నీళ్లకేనా?



నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోని వచ్చి మీ పిల్లలకు సైన్స్ చెప్పే టీచర్ని. ఈ నెల క్లాసులో నేను చేసిన ఒక తప్పు గురించి మీకు చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో ఆస్మాసిస్ పాఠం. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్ గురించి చెప్తున్నాను. పల్చటి పొరకు ఒకవైపు మంచినీళ్లు, ఇంకోవైపు ఉప్పునీళ్లు ఉంటే, నీరు తనంతట తాను ఉప్పువైపు పోతుంది. ఉప్పువైపు నుంచి గట్టి ఒత్తిడి పెడితే నీరు వెనక్కి మళ్లుతుంది, ఉప్పు అక్కడే ఆగిపోతుంది. అదే రివర్స్ ఆస్మాసిస్.

వెనక బెంచీలో ఒక అబ్బాయి లేచాడు. "మేడం, మా నాయన మిల్లులో పనిచేస్తాడు. చెక్కలో మిగిలిన నూనెను హెక్సేన్‌తో లాగుతారు. మళ్లీ హెక్సేన్‌ను వేడిచేసి ఆవిరిగా తీసేస్తారు. దానికి ఆర్ఓ పెట్టకూడదా?"

"ఆర్ఓ నీళ్లకేరా, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు తల దించుకున్నాడు.

ఆ రాత్రి ఎందుకో మనసు ఒప్పుకోక చదివాను. ఆర్ఓ పొరను పనికొచ్చేలా తయారుచేసిన ఇద్దరిలో మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ ఒకరు. ఆయనే 1964లో హైడ్రోకార్బన్ ద్రవాలను కూడా పొరతో, ఒత్తిడితో వేరుచేయవచ్చని రాశారు. చిక్కు ఏమిటంటే, చాలా ద్రావకాలు మామూలు ప్లాస్టిక్ పొరను ఉబ్బిస్తాయి, కొన్నయితే కరిగించేస్తాయి. 2016లో అమెరికాలోని జార్జియా టెక్ శాస్త్రవేత్తలు పొరను కార్బన్‌గా మార్చి, పారాజైలీన్‌ను ఆర్థోజైలీన్ నుంచి వేడి చేయకుండానే వేరుచేశారు. ఈ రెండు అణువుల వెడల్పులో తేడా నానోమీటరులో పదోవంతు మాత్రమే. మీ పిల్లల యూనిఫాంలో పాలిస్టర్ ఉంటే, దాని ముడిసరుకు ఈ పారాజైలీనే.

ఇది చిన్న విషయం కాదు. మరిగించడం లాంటి పద్ధతులతో రసాయన మిశ్రమాలను వేరుచేయడానికే ప్రపంచం వాడే శక్తిలో 10 నుంచి 15 శాతం పోతోందని అంచనా. నూనె, హెక్సేన్‌లను పొరతో వేరుచేయడం మీద కూడా పరిశోధనలు జరిగాయి. అంటే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్ననే మన పిల్లవాడు అడిగాడు.

మర్నాడు క్లాసులో, "నిన్న నేను చెప్పింది తప్పు, నువ్వు అడిగింది సరైన ప్రశ్న" అన్నాను. వాడు నవ్వలేదు. "అయితే హెక్సేన్‌కు ఏ పొర పెట్టాల మేడం?" అని ఇంకో ప్రశ్న వేశాడు. ఇద్దరం కలిసి చదువుతున్నాం.

అమ్మలారా, నాన్నలారా! మిల్లయినా, మగ్గమైనా, పొలమైనా, మీరు చేసే పని గురించి ఇంట్లో పిల్లలకు చెప్పండి. ఆ ప్రశ్న వాడికి పుస్తకం ఇవ్వలేదు, వాళ్ల నాయన ఇచ్చాడు. అలాంటి ప్రశ్నను ఈసారి కూర్చోబెట్టను.