కొండ నెక్కు పలక

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మా అక్క కుమారుని యింటికి పోయినపుడు ఫిల్బర్టు వీధిని చూచితిమి. హైడు, లెవెన్‌వర్తు వీధుల నడుమ అది 100 అడుగులకు 31 అడుగులకు మించి లేచును. కాలిబాటను మెట్లుగా కట్టినారు. బండ్లు దిగవలసినదే కాని యెక్కరాదు. నీళ్లబిందె చంక నిడుకొని యెక్కవలసిన పని అచటి యిల్లాండ్రకు లేదు, బ్రతికినారు!

ఇట్టి వాలులకై 1873లో హాలిడీ యను నాతడు, నేలక్రింద పరుగెత్తు ఇనుపత్రాటిని పట్టుకొని పోవు బండిని క్లే వీధిలో నడపెను. అట్టి కేబుల్ బండ్లు నేటికిని గంటకు తొమ్మిదిన్నర మైళ్ల వేగమున కొండ లెక్కుచున్నవి.

మా వానికి త్రాడు అక్కరలేదట. స్కేట్‌బోర్డు క్రింద రెండు మోటారులు బిగించి, బ్యాటరీ కట్టినాడు.

"పిన్నీ, నేనూ పలకా కలిసి 80 కిలోలు. కేబుల్ బండితో సమానంగా ఇంత వాలు ఎక్కాలంటే బరువు లాగడానికే 1000 వాట్లు కావాలి" అనెను.

అక్కడి చట్టమో, వీధిలో తిరుగు పలకకు సగటున 1000 వాట్లకు లోపుండవలె ననుచున్నది. అందుచేత మోటారుకు చిన్న పళ్లచక్రము వేసి, వేగము తగ్గించి, లాగుబలము పెంచినాడు.

"ఎక్కడం సరే నాయనా, దిగడమెట్లా?" అంటిమి.

దిగునపుడు మోటారే చక్రమును నిరోధించి, అందు పుట్టిన విద్యుత్తును బ్యాటరీకి మరల పంపునట. చిక్కంతయు ఇందే యున్నది. బ్యాటరీ నిండుకుండవలె నున్నచో ఆ విద్యుత్తునకు చోటు లేదు. బ్రేకు పట్టు తప్పవచ్చును. మా వాని యిల్లు కొండమీదనే! ప్రతి ఉదయము బయలుదేరుట దిగుటతోనే.

ఆ రాత్రి వాడు నిద్రించిన పిదప చూడగా బ్యాటరీ నిండవచ్చినది. తీగె నూడదీసి పండుకొంటిమి.